మోటబాయి గిరక

బడిలో సరళ యంత్రాల పాఠం చెప్పినప్పుడల్లా నల్లబల్ల మీద గిరక బొమ్మ గీస్తాను. నేను చదివిన పుస్తకంలో ఆర్కిమెడిస్ పేరుంది. మా తాత పేరు లేదు.

మాది తెలంగాణలో ఒక మాదిగవాడ. ఇంజన్లు రాకముందు ఊరి పొలాలు మోట మీద తడిసినయి. ఎడ్లు వాలుబాట దిగుతుంటే మోకు గిరక మీదుగా బొక్కెనను పైకి లాగేది. ఆ బొక్కెనకు తోలుతొండం కుట్టింది మావాళ్ళే. చచ్చిన గొడ్డు తోలును లందలో సున్నంతో, తంగేడు చెక్కతో పదును చేసి కుట్టేవాళ్ళు. నిజాం కాలంలో దొరలకు ఆ తోలు సామానంతా వెట్టి కిందనే పోయేది. 1946-51 సాయుధ పోరాటం ఆ వెట్టి మీద కూడా తిరగబడింది. వెట్టి పోయినంక కల్లం కాడ ఇన్ని గింజలు దక్కినయి.

1970లలో ఒక పెద్దరైతు ఆయిలింజను తెచ్చిండు. పంపు 25 అడుగుల లోతు దాటితే నీళ్ళు సరిగ్గా పీల్చదు. అందుకని ఇంజనును బాయిలోపలి గద్దె మీద కూర్చోబెట్టాలి. క్రేను లేదు. తాతను పిలిచిండ్రు.

తాత ఇంకో మోట గిరక తెచ్చి ఇంజనుకు కట్టిండు. మోకు ఒక కొస పైన దూలానికి కట్టి, రెండో కొసను కింది గిరక చుట్టి, పై గిరక మీదుగా గట్టుకు తెచ్చిండు. బరువు సగమైంది. ఇంజను అడుగు దిగితే మోకు రెండడుగులు వదలాలి.

గట్టున వరసగా మూడు గడ్డపారలు దిగ్గొట్టించిండు. "నిలువుగ కొట్టకు బిడ్డా, పీక్కొస్తది. బరువుకు ఎదురు దిక్కు వాల్చు" అన్నడట మా నాయినతో. మొదటిదాని తలను రెండోదాని మొదలుకు, రెండోదాని తలను మూడోదాని మొదలుకు బిగించిండు. ముందరి గడ్డపారకు మోకు రెండు చుట్లు తిప్పి, జానెడు జానెడు వదిలిండ్రు. ఇంజను చెక్కుచెదరకుండ దిగింది.

ఆనాడు మావాళ్ళను బాయిలకు దిగనిచ్చిండ్రు. దూపైతే మాత్రం పైనుంచి దోసిట్ల పోసిండ్రు. కొబ్బరికాయ కొట్టేటప్పుడు దూరం జరగమన్నరు.

తర్వాత ఒక్కొక్క బాయికీ ఇంజనొచ్చింది. తొండం కుట్టే పని పోయింది. మా బువ్వ తీసే యంత్రాన్ని మా తాతే తన చేతులతో దించిండు.

బాయి తవ్వించినోని పేరు రాయి మీద చెక్కుతరు. గడ్డపార వాల్చినోని పేరు ఎక్కడ రాసుంది? నేను నల్లబల్ల మీద గిరక పక్కన ఆ మూడు గడ్డపారలు కూడా గీస్తున్న. ఎవరివని పిల్లలు అడుగుతరు. మా తాతవని చెప్తున్న.