షజ్రాలో లేని దాదీ పేరు

మన ఖాందాన్‌లలో చాలామందికి ఒక షజ్రా ఉంటుంది. కొందరి ఇంట్లో అది ఫ్రేము కట్టి గోడకు వేలాడుతుంది. కొందరి ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున మడతలు పడి ఉంటుంది. కాగితం లేని ఇళ్ళలో బుజుర్గుల నోటి మీదే ఉంటుంది. ఫలానా వల్ద్ ఫలానా, వల్ద్ ఫలానా అంటూ ఐదారు తరాలు గడగడా చెప్పేస్తారు. ఆ తరాలన్నిటిలో ఒక్క ఆడమనిషి పేరైనా వినిపిస్తుందా? వల్ద్ ఉంటుంది గానీ బిన్తె ఉండదు.

మా ఇంట్లోనూ అంతే. దాదా గారి తండ్రి పేరేమిటో, ఆయన ఏ కచేరీలో ముహర్రిర్‌గా పనిచేశారో మా అందరికీ తెలుసు. దాదీ పేరు అడిగితే మాత్రం కజిన్లందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మాకు ఆమె దాదీమా. మొహల్లా వాళ్ళకు పెద్ద కొడుకు పేరు పెట్టి 'ఫలానా కీ అమ్మా'. రేషన్ కార్డులో దాదా గారి భార్య. ఖబర్ మీద కత్బా లేదు. డెబ్బై ఏళ్ళకు పైగా బతికి, ఆరుగురు ఔలాద్‌ను పెంచిన మనిషి పేరు రెండు తరాల్లోనే మాయమైపోయింది.

ఆ పేరు చివరికి నికాహ్ సియాహాలో దొరికింది. అబ్బా ఇంతెఖాల్ తర్వాత పాత కాగితాలు సర్దుతుంటే పట్టాల మధ్య నుంచి బయటపడింది. అంతా షికస్తా ఉర్దూ. మా మసీదుకు వచ్చే ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారు గారి చేత చదివించాను. దుల్హా పేరు, ఆయన తండ్రి పేరు. దుల్హన్ పేరు, ఆమె తండ్రి పేరు, వాళ్ళ ఊరు. వకీల్ ఎవరు, గవాహ్‌లు ఎవరు, మెహర్ ఎంత. సాల్ 1354 ఫస్లీ.

ఈ ఫస్లీ లెక్క పిల్లలకు నేర్పాలి. నిజాం జమానా కాగితాల్లో ఎక్కువగా ఇదే కనిపిస్తుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫస్లీ సాల్ అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి 1354 అంటే 1944–45. దాదీ మెహర్ 525 రూపాయలు సిక్కా-ఎ-హాలీ. హాలీ అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. అంటే ఆ మెహర్ 450 కల్దార్లు అన్నమాట.

ఇంతకీ ఈ కాగితం అన్నేళ్ళు ఎందుకు మూగగా పడి ఉంది? 1880ల నుంచి హైదరాబాద్ రియాసత్‌లో సర్కారీ జబాన్ ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో చదువు చెప్పిందీ ఉర్దూలోనే. 1948 తర్వాత ఒకటి రెండు తరాల్లో మనలో చాలామంది తెలుగు, ఇంగ్లీషు మీడియంలోకి వచ్చేశాం. దానివల్ల రోజ్‌గార్ దొరికింది, దాన్ని తప్పుపట్టను. అయితే దాదా రాసిన ఖత్ పోతా చదవలేకపోతున్నాడు. ఇంట్లో ఉన్న విరాసత్ ఇంట్లోవాళ్ళకే అర్థం కాకుండా పోయింది.

సియాహాలో ఉన్న దాదీ మైకా, బీదర్ జిల్లాలో ఒక చిన్న ఊరు. మేమెవ్వరం ఎన్నడూ వెళ్ళలేదు, ఆ పేరే వినలేదు. పెద్ద ఫుప్పును అడిగితే చాలాసేపటికి చెప్పారు: "ఆ ఊరి మాట ఎత్తితే అమ్మీ లేచి చూల్హా దగ్గరికి వెళ్ళిపోయేది బేటా. పోలీస్ ఆక్షన్ తర్వాత ఆమెకు మైకా లేకుండా పోయింది."

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం రియాసత్‌లోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయారు. అంతకుముందు రజాకార్లు పల్లెల్లో చేసిన జుల్మ్ ఎవరూ కాదనలేనిది. ఆ తర్వాత దాని బద్లా తీర్చుకున్నది మాత్రం చాలాచోట్ల ఏ పాపం ఎరగని గరీబ్ ముసల్మాన్ల మీద. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నష్టం ఎక్కువన్నది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు జనానికి అందలేదు. అది సర్కారు ఖామోషీ అయితే, చూల్హా దగ్గర దాదీది ఇంకో ఖామోషీ. ఆమె పేరుతో పాటు మా ఖాందాన్ చరిత్రలో సగం ఆ చూల్హా దగ్గరే ఆగిపోయింది.

ఆడవాళ్ళ పేర్లు బయటికి చెప్పకపోవడం అదబ్ అని కొందరు అంటారు. నాకది రివాజ్ అనిపిస్తుంది గానీ దీన్ అనిపించదు. హిజ్రీ మూడో శతాబ్దంలో బగ్దాద్‌లో ఇబ్నె సాద్ రాసిన 'తబకాత్'లో ఒక భాగమంతా ఆడవాళ్ళ గురించే. ఎవరి కూతురు, తల్లి ఎవరు, నికాహ్ ఎవరితో అని పేరుపేరునా రాశారు. వెయ్యేళ్ళకు ముందటి సహాబియాత్ పేర్లు మనకు తెలుసు, యాభై ఏళ్ళ కిందటి మన దాదీ పేరు తెలియదు.

కోస్తాలో, రాయలసీమలో ఉన్న మనవాళ్ళకు ఇంకో ముష్కిల్ ఉంది. అక్కడ షేక్, సయ్యద్, పఠాన్ అన్నవే స్కూలు రికార్డుల్లో ఇంటిపేర్లయి కూర్చున్నాయి. ఊరంతా షేక్‌లే అయితే ఎవరి జడ ఎక్కడుందో పేరును బట్టి ఎలా తెలుస్తుంది? దూదేకుల, నూర్‌బాషా ఇళ్ళలో కాగితం కంటే జేజి చెప్పే మాటే ఆధారం. పత్తి ఏకడానికి ఏయే ఊళ్ళు తిరిగారో ఆ మాటల్లోనే ఉంటుంది.

అందుకని నాదొక గుజారిష్. ఈ ఈద్‌కు ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చోండి. నానీ పూర్తి పేరు, ఆమె తల్లి పేరు, మైకా ఊరు అడగండి. తారీఖులు అడిగితే వాళ్ళు చెప్పలేరు. తుఘ్యానీకి ముందా తర్వాతా, పోలీస్ ఆక్షన్‌కు ముందా తర్వాతా అని అడగండి, ఠక్కున చెప్తారు. తుఘ్యానీ అంటే 1908 మూసీ వరద. చెప్పినదాన్ని ఫోన్లో రికార్డు చేయండి. ఇంట్లోని ఉర్దూ కాగితాలను పారేసే ముందు ఒక్కసారి చదివించండి. తెలంగాణ వాళ్ళయితే 1954–55 ఖాస్రా పహాణీలో మీ భూమి ఎవరి పేరున ఉందో చూడండి. అందులో పాత పేర్లు దొరుకుతాయి.

మా షజ్రాను ఈ మధ్య తెలుగులో తిరగరాశాను. ప్రతి పేరు పక్కన బీబీ పేరు, ఆమె తండ్రి పేరు, మైకా ఊరు కోసం గడులు పెట్టాను. దాదీ గడి నిండింది. ఆమె తల్లి గడి ఖాళీగానే ఉంది, సియాహాలో ఆ పేరు రాయరు కాబట్టి. అది ఒకప్పుడు విన్నట్టు గుర్తున్నది పెద్ద ఫుప్పుకు ఒక్కరికే. వచ్చే జుమా రోజు మళ్ళీ వెళ్ళి కూర్చుంటాను.