ఫీ రీయింబర్స్‌మెంట్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ రోజు టాపిక్ మీలో చాలామందికి ఈ-పాస్ స్టేటస్ పేజీగా మాత్రమే తెలుసు. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం మీ-సేవ చుట్టూ తిరగడం, వేలిముద్ర వెయ్యడం, తర్వాత ఎదురుచూడటం. దాని వెనక ఉన్న కథ చాలా పాతది.

1913 నుంచి మొదలుపెడదాం. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఒక కుర్రాడు న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళాడు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళు. తిరిగొచ్చాక పదేళ్ళు బరోడాలో ఉద్యోగం చెయ్యాలనేది షరతు. ఆ కుర్రాడే అంబేద్కర్. 1917లో బరోడా వెళ్తే, అంత చదువుకున్న మనిషికి ఆ ఊళ్ళో అద్దెకు గది దొరకలేదు. స్కాలర్‌షిప్ డిగ్రీ ఇప్పిస్తుంది కానీ కులాన్ని తుడిచెయ్యదు అని ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

1942లో ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్ అయ్యారు. అదే ఏడాది దళితుల సమస్యల మీద వైస్రాయ్‌కి ఒక మెమొరాండం ఇచ్చారు. అందులో సైన్స్, టెక్నాలజీ చదువులకు స్కాలర్‌షిప్‌లు అడిగారు. ఒక రాజుగారి దయ మీద ఆధారపడి చదివిన మనిషి, తర్వాతి వాళ్ళకి అదే సాయం ప్రభుత్వ ఖజానా నుంచి రావాలన్నారు. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి అసలు మలుపు ఇదే. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. ఎస్టీలకు 1948లో వచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1980లలో ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలతో పాటు డొనేషన్లు కూడా వచ్చాయి. 1983లో ఆంధ్రప్రదేశ్ క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. కాలేజీలు కోర్టుకెళ్ళాయి. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఒక ఫార్ములా పెట్టింది: సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు. అంటే డబ్బున్న స్టూడెంట్ కట్టే ఫీజుతో పక్క బెంచీ స్టూడెంట్ చదువుతాడన్నమాట. వినడానికి బాగుంది కదా? కానీ ఫ్రీ సీటు వచ్చేది ర్యాంకుతో, పేదరికంతో కాదు. సిటీలో మంచి కోచింగ్ తీసుకున్నవాడికి ఫ్రీ సీటు, పల్లెటూరి పిల్లాడికి పేమెంట్ సీటు. 2002లో టీఎంఏ పాయ్ తీర్పుతో ఆ ఫార్ములా పోయింది.

మరి పేద పిల్లల ఫీజు ఎవరు కట్టాలి? దానికి జవాబుగానే వైఎస్ రాజశేఖర రెడ్డి ప్రభుత్వం ఫీ రీయింబర్స్‌మెంట్‌ని పెద్దది చేసింది. ఎస్సీ, ఎస్టీలతో పాటు బీసీలు, ఈబీసీలు కూడా వచ్చారు. కన్వీనర్ కోటాలో సీటొస్తే, ఆదాయ పరిమితి లోపల ఉంటే, ఫీజు మొత్తం ప్రభుత్వమే కట్టేది. ఇంటర్‌తో చదువు ఆపేసి పొలానికో షాపుకో వెళ్ళాల్సిన వాళ్ళు బీటెక్‌లో చేరారు. ఈ రోజు గచ్చిబౌలిలో, అమెరికాలో ఉన్న ఎంతోమంది ఈ దారిలోనే వచ్చారు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఫీజు గ్యారంటీ అయితే కాలేజీ పెట్టడం మంచి బిజినెస్. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాటిపోయాయి. కొన్నిట్లో ల్యాబ్ ఉందంటే బోర్డు మీద మాత్రమే. ఖర్చు పెరిగేసరికి కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం 2012లో సీలింగ్ పెట్టింది. బీసీ, ఈబీసీల్లో 10,000 లోపు ర్యాంకుకి ఫుల్ ఫీజు, మిగతా వాళ్ళకి 35,000. లెక్క చూడండి: లక్ష ఫీజున్న కాలేజీలో 9,900 ర్యాంకు వాడు ఏమీ కట్టక్కర్లేదు, 10,100 ర్యాంకు వాడు 65,000 కట్టాలి. ఇద్దరి నాన్నలూ కూలి పనికే వెళ్తారు. అవసరం చూసి ఇవ్వాల్సిన సాయం మళ్ళీ ర్యాంకు దగ్గరికే వచ్చింది. నాకు దీంట్లో న్యాయం కనపడదు.

రాష్ట్రం విడిపోయాక తెలంగాణ 'ఫాస్ట్' అని 1956 స్థానికత షరతు పెట్టి, తర్వాత వెనక్కి తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో జగన్ ప్రభుత్వం విద్యా దీవెన పేరుతో డబ్బుని తల్లుల ఖాతాల్లో వేసింది. పేర్లు మారాయి కానీ బకాయిలు రెండు చోట్లా ఉన్నాయి.

అసలు ఆ పేరే చూడండి. రీయింబర్స్‌మెంట్ అంటే ముందు మనం కట్టి తర్వాత వెనక్కి తీసుకోవడం. పథకం ఉద్దేశం అది కాదు, ప్రభుత్వం నేరుగా కట్టడం. కానీ నిధులు ఆగినప్పుడు ఆ మాట అక్షరాలా నిజమవుతుంది. "ముందు మీరు కట్టండి, గవర్నమెంట్ ఇచ్చాక ఇస్తాం" అంటారు కాలేజీ ఆఫీసులో. నాతో చదివిన ఒకడు ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని, సర్టిఫికెట్ల కోసం వాళ్ళమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టాడు.

ఏఐసీటీఈ రూల్స్ ప్రకారం కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపకూడదు. మీకు ఆపితే నోటిమాటతో వదిలెయ్యకండి. రాతపూర్వకంగా అడగండి, తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోండి, ఒక ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. ఫిర్యాదు ఎలా పెట్టాలో వచ్చే ఎపిసోడ్‌లో స్టెప్ బై స్టెప్ చూపిస్తా.