ఇస్నాపూర్ చౌరస్తాలో కుట్టు మిషన్

సాయంత్రం ఆరు దాటింది. ముంబై రోడ్డు మీద ఇస్నాపూర్ చౌరస్తాలో ఆటో దిగి, పాశమైలారం వైపు నడవండి. జనరల్ షిఫ్టు వదిలారు. కంపెనీ బస్సులు దిగినవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, టిఫిన్ సంచులు భుజాన వేసుకున్నవాళ్ళు రోడ్డంతా నిండిపోయారు. తెలుగు ఎంత వినిపిస్తుందో ఒడియా, భోజ్‌పురి కూడా అంతే వినిపిస్తాయి. మిర్చి బజ్జీల నూనె వాసనతో పాటు ఏదో కెమికల్ ఘాటు ముక్కుకు తగులుతుంది. కిరాణా కొట్టుకూ సెల్‌ఫోన్ రిపేరు షాపుకూ మధ్య ఒక ఇరుకు మడిగె. లోపల నల్ల కుట్టు మిషన్, దాని ముందు ఒకామె.

"దీదీ, యే ఛోటా కర్నా హై." ఒడిశా కుర్రాడు కంపెనీ ఇచ్చిన ప్యాంటు బల్ల మీద పెడతాడు. ఆమె టేపుతో కొలిచి, సుద్దతో గీత గీస్తుంది. "కల్ షామ్‌కో ఆవ్." అతను వెళ్ళాక బట్టను వేళ్ళ మధ్య నలిపి మీకు చూపిస్తుంది. "అచ్చం కాటన్. రియాక్టర్ కాడ పనిచేసెటోళ్ళకు గిదే మంచిది. పాలిస్టర్ అయితే మంటకు కరిగి ఒంటికి అంటుకపోతది."

స్టూలు లాక్కుని కూర్చోండి. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో టర్బైన్లు తయారవుతాయి, ఎద్దుమైలారంలో యుద్ధ వాహనాలు తయారవుతాయి. మధ్యలో బాయిలర్లు, రియాక్టర్లు, ప్రెస్సులు ఎన్నో. వాటిలో ఏదీ నడిపే మనిషి సొంతం కాదు. ఈ నల్ల మిషన్ మాత్రం ఆమెది. తల్లి పెళ్ళికి పెట్టింది. మోటరు పొదుపు సంఘం లోనుతో కొనుక్కుంది. ఒక యంత్రం పనిచేసే మనిషి చేతికి ఎలా దక్కిందన్నదే ఈ మిషన్ చరిత్రలో నన్ను పట్టి లాగే సంగతి.

ఆమె మోటరు ఆపి, చేత్తో చక్రం మెల్లగా తిప్పుతుంది. వంగి చూడండి. చేతిసూదికి బెజ్జం వెనక ఉంటుంది, దీనికి మొన దగ్గర ఉంది. చేతిసూది బట్టను పూర్తిగా దాటి అవతలికి పోయి, తిరిగి రావాలి. ఇది మొన మాత్రం దించి, వెంటనే పైకి లేస్తుంది. లేచేటప్పుడు దారం కొంచెం వదులై చిన్న ఉచ్చు పడుతుంది. కింద చంద్రవంకలా ఉన్న షటిల్ కొన ఆ ఉచ్చులో దూరి, దాన్ని కిందిదారం ఉన్న బాబిన్ చుట్టూ తిప్పి వదిలేస్తుంది. పైదారం బిగుస్తుంది. రెండు దారాలూ బట్ట మధ్యలో పెనవేసుకుంటాయి. ఈ సూదీ షటిలూ ఎప్పుడు కలవాలో అప్పుడే కలవాలి. వెంట్రుకంత తేడా వస్తే కుట్టు తప్పుతుంది. చేతి కదలికను అనుకరించడం మానేశాకే ఈ మిషన్ కుదిరింది. అంతదాకా రావడానికి దశాబ్దాలు పట్టింది.

పక్క కొట్టులో బియ్యం బస్తా విప్పుతున్నారు. సరైన కొస పట్టుకుని లాగితే మూతి కుట్టంతా సర్రున ఊడొస్తుంది. అది గొలుసు కుట్టు. ఆ దారం కొస పట్టుకుంటే మీరు 1831 నాటి పారిస్‌లో తేలతారు.

పెద్ద కర్మాగారం. వరసగా చెక్క మిషన్లు, మొత్తం 80. కొక్కెం ఉన్న సూది దిగి, కింది దారాన్ని పైకి లాగి గొలుసు కుట్టు వేస్తోంది. కుట్టేది సైనికుల దుస్తులు. మిషన్ కనిపెట్టిన బార్తెలెమీ తిమోనియే కూడా దర్జీయే, అంతకుముందు ఏడాదే పేటెంటు పొందాడు. బయట అరుపులు. తలుపు విరుగుతుంది. దర్జీల గుంపు లోపలికి దూసుకొచ్చి మిషన్లను ముక్కలు ముక్కలు చేస్తుంది. మీరు ఓ మూలకు ఒదిగి నిలబడి వాళ్ళ ముఖాలు చూడండి. వాళ్ళను మూర్ఖులని నేననలేను. 80 మిషన్లూ ఒక్క కప్పు కింద ఉన్నాయి, సైన్యం ఆర్డర్లన్నీ అక్కడికే పోతాయి. వీళ్ళకు మిగిలేది రెండు చేతులూ ఒక సూదీ. తిమోనియే 1857లో పేదవాడిగానే కన్నుమూశాడు.

ఆ దర్జీల భయం అట్లాంటిక్ అవతల కూడా ఉంది. న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ 1830లలోనే మొన దగ్గర బెజ్జం ఉన్న సూదితో, షటిల్‌తో, రెండు దారాల కుట్టు సాధించాడు. కుట్టుకుని బతికే పేద ఆడవాళ్ళ పొట్ట కొడుతుందన్న దిగులుతోనే పేటెంటుకు పోలేదంటారు. మన ఆడవాళ్ళు చీరకు పెట్టుకునే పిన్నీసు కూడా ఆయనదే, 1849 నాటిది.

1845, బోస్టన్, క్విన్సీ హాలు. అయిదుగురు ఆడవాళ్ళకు తలా ఒక కుట్టు వరస ఇచ్చారు. మిషన్ ముందు కూర్చున్న యువకుడు ఎలియాస్ హోవ్‌కు అయిదు వరసలు. నిమిషానికి దాదాపు 250 కుట్లు పడుతున్నాయి. వాళ్ళు తలా ఒకటి ముగించేలోగా అతను అయిదూ ముగించాడు. అందరూ మెచ్చుకున్నారు, ఒక్కరూ కొనలేదు. ధర 300 డాలర్లు మరి. పైగా అదే పాత భయం. 1846 సెప్టెంబరు 10న పేటెంటు వచ్చినా అతని కష్టాలు తీరలేదు. ఇంగ్లండు వెళ్ళాడు, అక్కడా కలిసిరాలేదు. చేతిలో డబ్బు లేకుండా తిరిగొచ్చేసరికి భార్య చావుబతుకుల్లో ఉంది. ఇంటిల్లిపాది కోసం రాత్రుళ్ళు బట్టలు కుట్టినామె ఆమె.

మళ్ళీ ఇస్నాపూర్ బల్ల దగ్గరికి రండి. ఆమె ప్యాంటు సీటు దగ్గరి వంపు కుడుతోంది. హోవ్ మిషన్‌లో ఈ వంపు తిరగదు. బట్టను నిలువుగా, ముళ్ళున్న పట్టీకి గుచ్చి వేలాడదీయాలి. పట్టీ పొడవు అయిపోగానే ఆపి మళ్ళీ గుచ్చాలి. ఇప్పుడామె చేతుల కింద బట్ట పడుకుని ఉంది, సూది నిటారుగా దిగుతోంది, ఇనుప పాదం బట్టను అదిమి పట్టుకుంది. ఈ మూడూ కలిసిన మిషన్‌కు ఐజాక్ సింగర్ 1851లో పేటెంటు పొందాడు. పాదం కింద ఇనుప పళ్ళు లేచి, బట్టను జరిపి, కిందికి దిగి, వెనక్కి వస్తున్నాయి కదా? అది ఆలెన్ విల్సన్ పని, 1854 నాటిది. ఒక్క మడిగెలో ఇంతమంది పనిచేస్తున్నారు.

వాళ్ళంతా కోర్టుల్లో కొట్టుకున్నారు. చివరకు 1856లో పెద్ద కంపెనీలు పేటెంట్లన్నీ ఒకచోట కలుపుకున్నాయి. అమెరికాలో అమ్మే ఒక్కో మిషన్ మీద హోవ్‌కు 5 డాలర్లు ముట్టేలా ఒప్పందం కుదిరింది. అదే ఏడాది సింగర్ భాగస్వామి, లాయరు ఎడ్వర్డ్ క్లార్క్ ఇంకో దారి తెరిచాడు. కొంత ముందు కట్టి మిషన్ ఇంటికి తీసుకుపోవచ్చు, మిగతాది నెలనెలా కట్టుకోవచ్చు. పారిస్ దర్జీలు విరగ్గొట్టిన యంత్రం అప్పట్నుంచీ కుట్టేవాళ్ళ ఇళ్ళలోకి నడిచింది. ఇండియాకు కూడా సింగర్ ఆ శతాబ్దంలోనే వచ్చింది. 1930లలో కలకత్తా జై ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా మిషన్లు మొదలుపెట్టింది.

యంత్రాలను అంతగా ఏకిపారేసిన గాంధీజీ 1924లో ఒక సంభాషణలో సింగర్ మిషన్‌ను మాత్రం మినహాయించాడు. భార్య కష్టం చూడలేక ప్రేమతో చేసిన యంత్రమని ఆయన నమ్మకం. ఆ కథ సింగర్ కంటే హోవ్ ఇంటికే దగ్గర. మరి ఈ మిషన్లు తయారు చేయడానికైనా ఫ్యాక్టరీ కావాలి కదా అని ఎదుటివాడు అడిగితే, కావాలి, అయితే అవి ప్రజల సొత్తుగా, ప్రభుత్వం చేతుల్లో ఉండాలన్నాడు. సర్కారీ బీహెచ్ఈఎల్ ఉన్న రామచంద్రాపురం మీదుగా వెళ్ళేటప్పుడల్లా నాకు ఆ జవాబు గుర్తొస్తుంది.

"గీ ఎండకాలం బడి యూనిఫాంలు కుట్టాలె," అంటుందామె బాబిన్ నింపుతూ. 2024లో సర్కారు బడుల పిల్లల దుస్తులు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు. "ఒక్క మిషన్‌తోటి కాదు. ఇంకోటి, జుకీ మిషన్ కావాలె. మల్ల లోన్ అడగాలె." ముందు ఎంత, నెలకు ఎంత, వేళ్ళ మీద లెక్క వేస్తుంది. క్లార్క్ పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. హోవ్ పేరు విన్నది. ఏటా ఫిబ్రవరి 28న మన ఊళ్ళల్లో దర్జీల మేర సంఘాలవాళ్ళు టైలర్స్ డే జరిపేది హోవ్‌ను తలుచుకుంటూనే. పటానికి దండ వేస్తారు, స్వీట్లు పంచుతారు. వేయాల్సిందే. అయితే ఆ పటం పక్కన ఇంకో రెండు పటాలు ఉండాలని నా కోరిక. మిషన్లు పోగొట్టుకున్న దర్జీ తిమోనియేది ఒకటి. జీవితంలో సూదికి దారం ఎక్కించాడో లేదో గానీ, మిషన్‌ను వాయిదాల మీద ఇంటిదాకా పంపిన లాయరు క్లార్క్‌ది ఇంకొకటి.