బుల్లి చదరాల ఖరీదు

స్క్రీన్ మీద ఫాంటో రంగో మార్చేవాళ్ళని చూసి "ఇదీ ఒక పనేనా" అని వెక్కిరించే బ్యాకెండ్ జీవుల్లో నేనూ ఒకణ్ణి. రోలెక్స్ డేటోనా కథ తెలిశాక కాస్త తగ్గాను.

1963లో వచ్చిన ఈ వాచీకి, మామూలు డయల్‌తో పాటు సింగర్ అనే స్విస్ కంపెనీ (కుట్టుమిషన్ల సింగర్ కాదండోయ్!) చేసిన ఇంకో రకం డయల్ కూడా వేసి అమ్మారు. లోపలి చిన్న వలయాల్లో గీతల చివర బుల్లి చదరాలు, కాస్త సోకు అంకెలు, అంచున వేరే రంగు పట్టీ. అంతే తేడా. లోపల మిషను అదే, కేసూ అదే. అప్పట్లో దాన్ని పెద్దగా ఎవరూ కొనలేదు.

కార్ల రేసుల పిచ్చి ఉన్న హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్‌కి భార్య జోఆన్ వుడ్‌వర్డ్ కొనిచ్చింది అలాంటిదే. వెనక "జాగ్రత్తగా నడుపు" అని చెక్కించింది కూడా. తర్వాత్తర్వాత సేకరించేవాళ్ళు ఆ డయల్‌కి ఆయన పేరే తగిలించారు. ఆ వాచీ 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో 1.77 కోట్ల డాలర్లు పలికింది!

సరే, అది ఆయన చేతిది కాబట్టి అనుకుందాం. కానీ ఊరూ పేరూ లేనివాళ్ళ వాచీ అయినా సరే, ఆ డయల్ ఉంటే మామూలు దానికి కొన్ని రెట్లు.

చిక్కంతా ఇక్కడే. విలువంతా ఒక పల్చటి రేకులో ఉన్నప్పుడు రేకు మారిస్తే చాలు కదా? దొంగ డయళ్ళు బయల్దేరాయి. అందుకే ఇప్పుడు కొనేవాళ్ళు భూతద్దం పెట్టి మరీ అంకెల ఒంపులు చూస్తారు.

మా నాన్నగారి పాత హెచ్చెమ్‌టీ డయల్ మాసిందని కిందటేడు నేనే కొత్తది వేయించాను. పాతది వెనక్కిమ్మని అడగాలని కూడా తోచలేదు.