రైల్వే వారి బస్సు

సూర్యాపేట జిల్లా పుట్టింది 2016 అక్టోబర్ 11న. ఏటా ఆ తేదీ దగ్గరపడగానే ఊరి పాతపేరు భానుపురి అని అందరికీ గుర్తొస్తుంది. భానుపురి నిఖార్సైన సంస్కృత సమాసం. సూర్యాపేటలో ముందు సంస్కృతం, వెనక దేశ్యం, అంటే మిశ్రమం. జనం నోట నిలిచింది మిశ్రమమే.

పండితులకు ఈ కలగలుపు మీద ఎప్పుడూ ఓ కన్నుండేది. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణంలో సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రమం అని విడదీశాడు. తెలుగు ముందూ సంస్కృతం వెనకా వస్తే వైరి సమాసమన్నారు. ఆలోపే ఇంగ్లిష్ దిగబడింది. దానికి ఏ వైరమూ లేదు, ఏ మాట పక్కనైనా కూర్చుంటుంది.

ఆ కూర్చోవడంలో నాకు మహా ఇష్టమైన ఘట్టం నిజాం రైల్వేది. 'నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే' అట! దేనికి గ్యారంటీ? బండి వేళకు వస్తుందనా? కాదు. 1880లలో లండన్‌లో ఏర్పడ్డ కంపెనీ వాటాదారులకు వడ్డీ దక్కుతుందని నిజాం సర్కారు ఇచ్చిన హామీ అది. ఇంగ్లిష్ సమాసం కిటుకంతా ఇక్కడే ఉంది. చివరి మాట వస్తువు, ముందువి దాని రకం. వాటి మధ్య బంధం మాత్రం పేరులో ఉండదు, విగ్రహవాక్యం మనమే చెప్పుకోవాలి. మిర్యాలగూడలో రైస్‌మిల్లు వడ్లు ఆడించి బియ్యం చేస్తుంది. విండ్‌మిల్లు గాలిని ఆడించదు, గాలే దాన్ని ఆడిస్తుంది.

1930లో సర్కారే రైల్వేను తీసుకుంది, పేరులోంచి గ్యారంటీ పోయింది. 1932 జూన్‌లో అదే రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డెక్కింది. రైల్వే వారి రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్! పట్టాల సంస్థకు టైర్ల శాఖ. సూర్యాపేట, కోదాడ పట్టణాలకు నేటికీ రైలు రాలేదు కనుక, రైల్వే కడుపున పుట్టిన ఆ బస్సుల వారసత్వమే ఇక్కడివారికి దిక్కు. బస్టాండు అన్న మాటను ఈ ఊళ్లలో ఎవరూ పరాయిదనుకోరు.

ఆ తర్వాత లెక్క తప్పింది. హైవే మీద టోల్‌ప్లాజా, సందులో కర్రీ పాయింట్, ఊరి చివర ఫంక్షన్ హాలు. ఏది ఎప్పుడు వచ్చిందో వరస పెట్టలేం. ఫంక్షన్ హాలంటే పెళ్లి గుర్తొచ్చేది మనకే, లండన్ వాడికి కాదు. ఇంగ్లిష్ మాటలతో మనం కట్టుకున్న తెలుగు సమాసమది. దాన్ని వైరి అనే హక్కు ఏ వ్యాకరణానికీ లేదు.