బిగిసిన చక్రము



1932 జూన్ నెలలో నైజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిరి. ఎడ్లబండి నడకకు అలవడిన జనులకు మోటారు వేగము అట్లు చేరువయ్యెను. వేగము వచ్చినంత తేలికగా దానిని నిలుపు విద్య రాలేదు. ఆ బస్సులలో చక్రము బిగిసిపోకుండ కాపాడునది డ్రైవరు పాదమొక్కటే.

బిగిసిపోవుట యన నేమి? వాలున దిగు బండిచక్రపు ఆకుల నడుమ కఱ్ఱ దూర్చిన, చక్రము తిరుగుట మాని నేలపై గీత గీయుచు ఈడ్చుకొనిపోవును. ఎడ్లనడకలో దానివలన ముప్పు లేదు. మోటారుబండి సంగతి వేరు. తిరుగుచున్న చక్రము నడచు మనుజుని పాదమువలె నేలను పట్టుకొనును. బిగిసిన చక్రము పాచిపై వేసిన పాదము వంటిది. ముందుచక్రములు బిగిసినచో స్టీరింగు ఎటు త్రిప్పినను బండి తిన్నగనే పోవును.

నలువది యేండ్ల క్రిందట ఒక వానకాలమున ములుగు దారిలో నేనెక్కిన జీపునకు గేదెలమంద అడ్డము వచ్చెను. డ్రైవరు బలముకొలది బ్రేకు నొక్కి స్టీరింగు కుడికి త్రిప్పెను. జీపు వినలేదు. భయమున అతడు పాద మెత్తినంతనే అది కుడికి మరలి పొలమున దిగెను. గేదెలు బ్రతికినవి, నా పంచె మాత్రము బురదపాలయ్యెను.

ఆ పాద మెత్తుటనే యంత్రమునకు నేర్పిరి. ఈ యత్నము మొదట విమానములకై జరిగెను: 1920ల దశకమున ఫ్రాన్సులో వొయిజాన్, 1950ల దశకమున ఇంగ్లండులో డన్‌లప్ సంస్థ. 1966లో జెన్సన్ కారునకు అట్టిది అమర్చిరి. 1978లో బాష్ సంస్థ నిర్మించిన విద్యుద్యంత్రము మెర్సిడెస్ కారులో వచ్చెను. మన దేశమున 2019 ఏప్రిల్ నుండి కొత్త కార్లన్నిటికి ఇది తప్పనిసరి. దీనినే ఏ.బి.ఎస్. అందురు.

ప్రతి చక్రముకడ నొక పండ్లచట్రము, దాని వేగమును కనిపెట్టు సాధనము నుండును. ఏ చక్రమైన బిగియబోవుచున్నట్లు తోచిన, కవాటము తెరచి ఆ చక్రముపై ఒత్తిడి తగ్గించి, మరల పెంచును. ఇది క్షణమునకు పలుమారులు జరుగును. అప్పుడు పాదము క్రింది పెడలు గడగడ వణకును. పలువురు బ్రేకు చెడినదని జడిసి పాదము తీసివేయుదురు. ప్రమాద మక్కడనే యున్నది. పాతబండిలో నొక్కి వదలుట నేర్పు, ఏ.బి.ఎస్. ఉన్న బండిలో గట్టిగ నొక్కి యుంచి, స్టీరింగుతో తప్పుకొనుటయే నేర్పు.

వదులుకంకరపై మాత్రము బిగిసిన చక్రమే ముందు కంకరను కుప్పవేసికొని త్వరగా నిలుచును, ఏ.బి.ఎస్. బండి కొంత దూరము పోయి నిలువవచ్చును. మన ఊరి బాటలలో ఎడము విడిచి నడుపవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఒక్క క్షణము ఏమరిన 16 మీటర్లు దాటిపోవుదుము. వేగము రెండింతలైన, బ్రేకు వేసిన పిదప బండి పోవు దూరము నాలుగింతలగును.

బండి తాళము త్రిప్పగనే ఏ.బి.ఎస్. అక్షరముల పసుపు దీపము వెలిగి ఆరును. ఆరనిచో మామూలు బ్రేకు పనిచేయవచ్చును గాని చక్రము బిగిసిపోవచ్చును. మీ యింటి డ్రైవరు ఎవరైనను, ఆ దీపమును ఒకమారు చూడుమని అడుగుడు.