ఆవర్తన దశాంశం

భాగహారంలో దశాంశ బిందువు తర్వాత ఒకే అంకెల వరుస అంతులేకుండా తిరిగి వస్తే అది ఆవర్తన దశాంశం. దీన్ని ఉజ్జాయింపు విలువగా చూడడం సరికాదు. ఇది భిన్నానికి కచ్చితమైన మరో రూపం. 1ని 7తో భాగిస్తే వరుసగా 3, 2, 6, 4, 5, 1 శేషాలు వస్తాయి. సున్నా కాక 7 కంటే చిన్న శేషాలు ఈ ఆరే కాబట్టి ఆ తర్వాత పాత శేషమే రావాలి, దానితో పాటే పాత అంకెలూ వస్తాయి. అందుకే 142857 పునరావృతమవుతుంది. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో 142857143ను 7తో గుణించి 1000000001 రాబట్టే లెక్క ఉంది. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. అందులో దశాంశాల ప్రస్తావన లేకపోయినా, 7కూ ఈ అంకెలకూ ఉన్న చుట్టరికం ఎంత పాతదో తెలుస్తుంది.

రాసేటప్పుడు తిరిగి వచ్చే అంకెలను ఒకసారే రాసి, వాటి మీద మాత్రమే అడ్డగీత గీయాలి. 1/6కు 0.16 రాసి 6 మీదే గీత ఉంచాలి. గీత 1 మీదికీ పాకితే విలువ 16/99 అయిపోతుంది. 9 మీద గీత గీసిన 0.9, అంటే 0.999…, ఎప్పటికీ 1 కంటే కొంచెం తక్కువేనన్న అభ్యంతరం బలంగా వినిపిస్తుంది. ఏదో ఒక స్థానం దగ్గర ఆపితే ఆ మాట నిజమే, కానీ ఎక్కడా ఆపలేదనడానికే ఆ గీత. దీని పది రెట్లు 9.999…, అందులోంచి మొదటి సంఖ్యను తీసేస్తే తొమ్మిది రెట్లు సరిగ్గా 9, కాబట్టి అసలు సంఖ్య 1.